శరత్తు ఏ రోజున వచ్చినట్టు? పంచాంగం, గాలి, పక్షులు చెప్పే వేర్వేరు జవాబులు

ఏటా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఒక చిక్కు ఎదురవుతుంది. ఆశ్వయుజం వచ్చింది కాబట్టి శరదృతువు మొదలైందని పంచాంగం చెబుతుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందని, మరో మూడు రోజులు భారీ వర్షాలు తప్పవని అదే రోజు వాతావరణ కేంద్రం హెచ్చరిస్తుంది. కృష్ణా, గోదావరి లంకల్లో రెల్లు అప్పటికే తెల్లగా పూసి ఉంటుంది. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ‘సైబీరియా అతిథులు’ దిగాయని పత్రికల్లో ఫొటోలు వస్తాయి. నెల్లూరు వైపు రైతునడిగితే తమ అసలు వానలు ఇంకా మొదలే కాలేదంటాడు. ఇన్ని మాటల్లో దేన్ని నమ్మాలి? వాన ఆగకపోతే కాలం గతి తప్పినట్టా, లేక కాలం ఎప్పుడూ ఇలాగే ఉంటుందా?

ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు దొరకకపోవడానికి కారణం ఉంది. మనం శరత్తు అని ఒకే పేరుతో పిలిచే మార్పుల వెనుక కనీసం మూడు వేర్వేరు లెక్కలున్నాయి. పగలు కుంచించుకుపోవడం ఒకటి, గాలి దిక్కు మారడం రెండోది, నేల మీద నీరు నిండడమో తగ్గడమో మూడోది. పువ్వు, పురుగు, పక్షి ఒక్కొక్కటి వీటిలో ఏదో ఒకదాన్ని అనుసరించి కదులుతాయి. ఆ లెక్కలు అన్నీ ఒకే రోజున కలవవు.

పంచాంగపు శరత్తు ఏటా ఎందుకు జరుగుతుంది

మన సంప్రదాయంలో సంవత్సరానికి ఆరు రుతువులు, ఒక్కోదానికి రెండు నెలలు. ఆశ్వయుజ, కార్తిక మాసాలు శరదృతువు. ఈ మాసాలను చంద్రుణ్ణి బట్టి లెక్కిస్తారు. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే సుమారు 354 రోజులే కాబట్టి చాంద్ర సంవత్సరం సూర్యుడి సంవత్సరం కంటే దాదాపు 11 రోజులు ముందే ముగుస్తుంది. ఆ తేడా పేరుకుపోకుండా రెండున్నర, మూడేళ్లకొకసారి అధిక మాసాన్ని చేరుస్తారు.

ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి తేదీలను వరుసగా చూస్తే సంగతి తేటపడుతుంది. 2022లో అది సెప్టెంబరు 26న వచ్చింది. 2023లో అధిక శ్రావణం పడడంతో అక్టోబరు 15కు జరిగింది. 2024లో అక్టోబరు 3న, 2025లో సెప్టెంబరు 22న వచ్చింది. అంటే నాలుగేళ్ల వ్యవధిలోనే శరత్తు ఆరంభం మూడు వారాలకు పైగా అటూ ఇటూ ఊగింది. 2020లో ఏకంగా ఆశ్వయుజమే అధిక మాసం కావడంతో ఆ ఏటి శరత్తు మూడు నెలలు సాగింది. ఇందులో వాతావరణం చేసిన మార్పేమీ లేదు. ‘ఈసారి దసరాకి కూడా వానలు తగ్గలేదు’ అని బాధపడే ముందు దసరా సెప్టెంబరు చివర్లో వచ్చిందా, అక్టోబరు చివర్లో వచ్చిందా అని చూసుకోవాలి.

సాగు పనులకు రైతులు మాసాలను వదిలి కార్తెలను ఎందుకు పట్టుకున్నారో ఇక్కడే అర్థమవుతుంది. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు పద్నాలుగు రోజుల కాలమే కార్తె. ఇది సూర్యుడి లెక్క గనుక ఏటా దాదాపు అదే తేదీన వస్తుంది: చిత్త అక్టోబరు 10 ప్రాంతంలో, స్వాతి 24 ప్రాంతంలో, విశాఖ నవంబరు 6 ప్రాంతంలో. ఉత్తర కార్తెలోనూ వాన పడకపోతే గంప ఎత్తుకుని ఊరు విడవాల్సిందేనని హెచ్చరించే ‘ఉత్తర చూసి ఎత్తర గంప’ అన్న సామెతను చాంద్రమాసానికి ముడిపెట్టి చెప్పడం కుదరదు. మాసం తేదీ కదులుతుంది, పొలం అవసరం కదలదు. చదువురాని కాలంలోనూ ఈ రెండు లెక్కలను పక్కపక్కన వాడుకుంటూ, పండుగకు ఒకటి, విత్తుకు మరొకటి ఎంచుకున్న రైతు తెలివి నాకు ఎంతో గొప్పగా కనిపిస్తుంది.

కార్తెలకూ ఒక పరిమితి ఉంది. అవి నక్షత్రాలను ఆధారం చేసుకున్నవి. భూమి అక్షం బొంగరంలా అతి నెమ్మదిగా తిరగడం వల్ల, నక్షత్రాల లెక్కకు, అసలు రుతువులను నడిపే సూర్యగమనపు లెక్కకు మధ్య సుమారు 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున తేడా పెరుగుతోంది. రాత్రింబగళ్లు సమానమయ్యే శరద్విషువత్తు సెప్టెంబరు 22 లేదా 23న వస్తుంటే, సూర్యుడు తులారాశిలో అడుగుపెట్టే తులా సంక్రమణం అక్టోబరు 17 ప్రాంతంలో రావడానికి కారణమిదే. ఒకప్పుడు ఆ రెండూ ఒకే రోజున వచ్చేవి.

రుతుపవనాలు వెళ్లిపోయాయని ఎలా తేలుస్తారు

భారత వాతావరణ శాఖ లెక్కల్లో శరత్తు అనే కాలమే లేదు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవన కాలం, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు రుతుపవనానంతర కాలం అని మాత్రమే విభజిస్తారు. ‘తిరోగమనం’ అంటే వాన ఆగిపోవడం ఒక్కటే కాదు. సెప్టెంబరు 1 తరువాత ఒక ప్రాంతంలో వరుసగా ఐదు రోజులు వాన లేకుండా ఉండాలి, నేలకు సుమారు ఒకటిన్నర కిలోమీటరు ఎత్తున అధికపీడన గాలుల సుడి ఏర్పడాలి, గాలిలో తేమ బాగా తగ్గాలి. ఈ మూడూ మొదట పశ్చిమ రాజస్థాన్‌లో కనిపిస్తాయి. అక్కడ తిరోగమనం మొదలవడానికి సాధారణ తేదీ సెప్టెంబరు 17. దేశమంతటి నుంచీ వెళ్లిపోయేసరికి అక్టోబరు 15 అవుతుంది. అంటే జైసల్మేర్‌లో ఆకాశం తేటపడిన తరువాత కూడా తెలుగు నేల మీద మూడు నాలుగు వారాలు నైరుతి వానలు పడుతూ ఉండడం మామూలే.

గాలి వెనక్కి మళ్లడానికి మూలం సూర్యుడు దక్షిణానికి జరగడం. వేసవిలో వేడెక్కి సముద్రపు గాలిని లోపలికి లాగిన ఉత్తర భారత నేల ఇప్పుడు చల్లబడుతుంది. దాంతో అల్పపీడన ద్రోణి దక్షిణానికి దిగుతుంది, నేల మీద నుంచి పొడిగాలి వీచడం మొదలవుతుంది. మబ్బులు తొలగి ఎండ నేరుగా తగులుతుంది గనుక అక్టోబరు మొదట్లో మధ్యాహ్నాలు ఉక్కగా, చిటచిటలాడుతూ ఉంటాయి. అదే తేటదనం వల్ల రాత్రివేళ నేల వేడి అడ్డులేకుండా ఆకాశంలోకి పోతుంది. హైదరాబాద్‌లో సెప్టెంబరులో 22 డిగ్రీల దగ్గర ఉండే రాత్రి ఉష్ణోగ్రత నవంబరుకు 16, 17 డిగ్రీలకు దిగుతుంది. పగటి ఉష్ణోగ్రత మాత్రం అక్టోబరు అంతా 30 డిగ్రీల చుట్టూనే తిరుగుతుంది. కాబట్టి మన దగ్గర శరత్తు ముందు రాత్రికి వస్తుంది, పగటికి ఆలస్యంగా వస్తుంది. తెల్లవారుజామున గడ్డి మీద మంచు చుక్కలు కనిపించడానికీ, కవులు పొగిడే శరచ్చంద్రికకూ భౌతిక కారణం ఒక్కటే: నాలుగు నెలల వాన దుమ్మును కడిగేసిన తరువాత వచ్చిన పొడి, నిర్మలమైన గాలి.

తెలుగు రాష్ట్రాలు రెండూ ఇక్కడ దారులు వేరు చేసుకుంటాయి. తెలంగాణకు ఏటి వానలో ముప్పాతిక వంతుకు పైగా నైరుతి కాలంలోనే పడిపోతుంది. నైరుతి వెళ్లిందంటే అక్కడ వానాకాలం ముగిసినట్టే. నెల్లూరు, తిరుపతి జిల్లాల తీరానికి సగానికి పైగా వాన అక్టోబరు, డిసెంబరు నెలల మధ్య ఈశాన్య గాలులు తెస్తాయి. ఒకే భాష మాట్లాడే ఆదిలాబాద్ మనిషికి, సూళ్లూరుపేట మనిషికి అక్టోబరు ఒకే రుతువు కాదు.

శరత్తులో భయపెట్టే సంగతి కూడా ఇదే మార్పులో ఉంది. నైరుతి బలంగా ఉన్నన్నాళ్లు కింది గాలి ఒక వైపు, పైగాలి మరో వైపు ఉధృతంగా వీస్తూ ఉంటాయి కాబట్టి, సముద్రం వెచ్చగానే ఉన్నా మబ్బుల సుడి నిటారుగా నిలబడలేదు. రుతుపవనం బలహీనపడగానే ఆ లాగులాట తగ్గుతుంది, నీటి వెచ్చదనం మాత్రం ఇంకా మిగిలి ఉంటుంది. అందుకే దివిసీమను ముంచిన ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది, విశాఖపట్నాన్ని చితకగొట్టిన హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న వచ్చింది. ‘వానలు పోయాక మళ్లీ ఈ తుపాను ఏమిటి’ అనిపించడం సహజమే గాని, తీవ్రమైన తుపానులకు వానలు పోయే కాలమే అనువైనది.

పువ్వులు రాత్రి నిడివిని ఎలా కొలుస్తాయి

కొన్ని మొక్కలు వానను గాని, చలిని గాని పట్టించుకోకుండా రాత్రి ఎంతసేపు ఉందో మాత్రమే చూసి పూస్తాయి. పగటి నిడివికి, పూతకు ఉన్న ఈ సంబంధాన్ని 1920లో అమెరికా శాస్త్రవేత్తలు గార్నర్, అలార్డ్ పొగాకు, సోయా మొక్కల మీద ప్రయోగాలతో వివరించారు. చామంతి ఈ కోవకు చెందిన మొక్కల్లో అందరికీ తెలిసినది. పూతను ఆలస్యం చేయాలనుకున్న సాగుదార్లు రాత్రి మధ్యలో తోటలో బల్బులు వెలిగిస్తారు. చీకటి తెగిపోవడంతో మొక్క ఇంకా రాత్రులు పొట్టిగానే ఉన్నాయని భావించి పూత ఆపుకుంటుంది.

మన దగ్గర ఈ మార్పు చాలా స్వల్పం. శరద్విషువత్తు రోజుల్లో హైదరాబాద్‌లో పగలు రోజుకు సుమారు ఒక నిమిషం తగ్గుతుంది; సైబీరియాలో 60 డిగ్రీల అక్షాంశం దగ్గర అదే సమయంలో రోజుకు ఐదున్నర నిమిషాలు తగ్గుతుంది. ఆ నిమిషం తేడాను పోగేసి పట్టుకోగల శక్తి ఉష్ణమండల మొక్కలకు ఉంది.

దీనికి వరి కంటే మంచి ఉదాహరణ లేదు. పాత కాలపు వానాకాలం వరి రకాలు చాలావరకు రాత్రి నిడివికి లోబడినవి. లెక్క కోసం అక్టోబరు 15 ప్రాంతంలో పూతకు వచ్చే ఒక పాత రకాన్ని తీసుకుందాం. జూన్ 15న విత్తితే అది 122 రోజులకు పూస్తుంది. వాన ఆలస్యమై జూలై 30న విత్తితే 77 రోజులకే పూస్తుంది. పూత నుంచి పండడానికి నెల రోజులనుకుంటే రెండు పొలాలూ నవంబరు మధ్యలో ఒకేసారి కోతకు వస్తాయి. 1966లో విడుదలైన ఐఆర్ 8 తరహా పొట్టి రకాలకు ఈ పట్టింపు లేదు. 130 రోజుల పంట అనుకుంటే జూన్ 15 నాటి విత్తు అక్టోబరు 23కు, జూలై 30 నాటి విత్తు డిసెంబరు 7కు పండుతుంది. దిగుబడి పెరిగింది, ఏడాదికి రెండు పంటలు సాధ్యమయ్యాయి. ఆ మేలు చిన్నది కాదు. అదే సమయంలో, ఊరంతా ఒకే వారంలో పొట్టకొచ్చే దృశ్యం పోయింది, పంట ఎప్పుడు పండాలన్నది విత్తిన తేదీ మీద, అంటే కాలువ నీరు వదిలిన తేదీ మీద ఆధారపడింది. పొలాన్ని చూసి కాలాన్ని చెప్పగలిగే పెద్దల అంచనాలు తప్పడానికి వాతావరణం ఎంత కారణమో విత్తనం మారడం కూడా అంత కారణం.

తంగేడు, గునుగు బతుకమ్మ నాటికి విరగబూయడం మరో రకం. పడావు భూముల్లో, చేల గట్ల మీద వాన నీటితో పెరిగిన గునుగు వాన తగ్గుముఖం పట్టేసరికి ఎదిగి కంకులు వేస్తుంది. జూన్, జూలై వానలు సరిగా పడని ఏడు బతుకమ్మ పేర్చడానికి గునుగు కోసం ఎక్కువ దూరం తిరగాల్సి రావడం చాలామందికి అనుభవమే. ఇటీవల అంతకంటే పెద్ద కారణం, ఆ పడావు భూములే ప్లాట్లుగా మారిపోవడం.

‘సైబీరియా పక్షులు’ అనే మాటలో ఎంత నిజం

శరత్తులో వచ్చే ప్రతి పెద్ద పక్షినీ సైబీరియా పక్షి అనడం మన వార్తల్లో అలవాటైపోయింది. తేలినీలాపురంలో గూళ్లు కట్టే గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు ఈ దేశపు పక్షులే. ఉప్పలపాడు, నేలపట్టు, కొల్లేటి ఆటపాక దగ్గర కనిపించే గూడబాతులూ అంతే. ఒక ప్రాంతపు చెరువుల నుంచి మరో ప్రాంతపు చెరువులకు తిరుగుతూ, చేప సమృద్ధిగా దొరికే చోట పిల్లల్ని పెంచుకుంటాయి. ఇక్కడే గుడ్లు పెట్టి పిల్లల్ని చేస్తున్నాయంటేనే ఇవి సైబీరియావి కావని గ్రహించవచ్చు, ఎందుకంటే అంత దూరపు వలస పక్షులు గూడు కట్టుకునేది తమ ఉత్తరాది వేసవిలో, అక్కడి నేల మీద. మన దగ్గరికి చలి తప్పించుకోవడానికీ, తిండికీ మాత్రమే వస్తాయి. పులికాట్ సరస్సుకు అందం తెచ్చే రాజహంసలు కూడా గుజరాత్‌లోని కచ్ రణ్‌లో వేల సంఖ్యలో గూళ్లు కట్టే జాతివే.

నిజంగా దూరం నుంచి వచ్చేవి వేరే ఉన్నాయి. సూదితోక బాతులు, మంగోలియా, టిబెట్ పీఠభూముల నుంచి హిమాలయాలు దాటి వచ్చే చారల తల బాతులు, ఆర్కిటిక్ తీరంలో పుట్టి పులికాట్ బురద నేలల దాకా వచ్చే, పాతిక ముప్పై గ్రాముల బరువైనా ఉండీ లేనట్టుండే చిన్న ఉల్లంకి పిట్టలు ఈ కోవలోవి. ఉల్లంకి పిట్టల్లో వయసొచ్చినవి ఆగస్టులోనే, అంటే మనకు నడివానాకాలంలోనే, ఇక్కడి తీరానికి చేరుకోవడం మొదలవుతుంది. ఆర్కిటిక్‌లో వేసవి జూలైతోనే ముగింపుకొస్తుంది; పక్షి బయల్దేరే రోజును అక్కడి ఆకాశం నిర్ణయిస్తుంది. కెనడాలో విలియం రోవన్ 1920లలో జంకో అనే చిన్న పిట్టలను గడ్డకట్టే చలిలో ఉంచి, కృత్రిమ దీపాలతో పగటిని పొడిగించి చూపినప్పటి నుంచి, పక్షి దేహంలో వలస సన్నాహాన్ని నడిపేవాటిలో వెలుతురు నిడివి ముఖ్యమైనదని తెలుసు.

ఈ రెండు తరహాలను విడదీస్తే చాలా గందరగోళం తొలగిపోతుంది. దూరపు వలస పక్షి వెలుతురు లెక్కతో వస్తుంది గనుక దాని రాక ఏటా ఇంచుమించు స్థిరంగా ఉంటుంది. గూడబాతు నీటి లెక్కతో వస్తుంది గనుక వాన ఎటుంటే అటు జరుగుతుంది. నేలపట్టు చెరువు ఈశాన్య వానలతో నిండుతుంది కాబట్టి అక్కడి సందడి సాధారణంగా అక్టోబరు దాటాక మొదలై వేసవి ముంగిట దాకా సాగుతుంది. ఆ వానలు ఆలస్యమైతే పక్షులూ ఆలస్యమవుతాయి. ఒక ఏడు నేలపట్టులో గూళ్లు తగ్గాయంటే పక్షులు చచ్చిపోయాయని అర్థం కాదు, మరో చెరువులో నీళ్లు బాగున్నాయేమో చూడాలి.

పాలపిట్ట సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. అది ఏడాది పొడవునా మనతోనే ఉంటుంది. వానలు తగ్గి పొలాలు విచ్చుకునే ఈ రోజుల్లో తీగల మీద, గట్ల మీద కూర్చుని పురుగుల కోసం కాచుకోవడం వల్ల ఎక్కువగా కంటపడుతుంది. దసరా నాడు దాన్ని చూడడం శుభమన్న నమ్మకం దాని రెక్కలు కట్టి పంజరంలో తిప్పడానికి దారితీయడం నాకు చాలా బాధ కలిగించే విషయం. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం కూడా.

తూనీగలు, దీపపు పురుగులు

సెప్టెంబరు, అక్టోబరు సాయంత్రాల్లో ఖాళీ స్థలాల మీద గుంపులుగా తేలియాడే పసుపు వన్నె తూనీగలను అందరూ చూసే ఉంటారు. వాన గుంటల్లో కొద్ది వారాల్లోనే పెరిగి రెక్కలు తొడిగే జాతి ఇది. అక్టోబరులో ఇవే తూనీగలు మంచినీటి కుంటలు దాదాపు లేని మాల్దీవుల్లో లక్షలుగా ప్రత్యక్షమవుతాయి. అక్కడ ఏళ్ల తరబడి గమనించిన చార్లెస్ అండర్సన్ అనే జీవశాస్త్రవేత్త, ఇవి భారతదేశం నుంచి, ఉత్తరం నుంచి మళ్లిన పైగాలుల ఆసరాతో సముద్రం దాటి తూర్పు ఆఫ్రికాకు పోతున్నాయని 2009లో ప్రతిపాదించారు. రాను పోను 14,000 నుంచి 18,000 కిలోమీటర్లు, నాలుగు తరాలు కలిసి పూర్తిచేసే ప్రయాణం. మాల్దీవుల్లో పట్టిన తూనీగల రెక్కల్లోని హైడ్రోజన్ ఐసోటోపుల (వేర్వేరు బరువులుండే హైడ్రోజన్ పరమాణువుల) పరీక్ష, అవి ఉత్తర భారతం లేదా అంతకంటే ఉత్తరాన పుట్టినవని తరువాత బలపరిచింది. గాలి లెక్కను నమ్ముకున్న ప్రాణి ఇది. గాలి మళ్లకుండా దానికి దారి లేదు.

దీపావళికి ఇంటి దీపాల చుట్టూ మూగే చిన్న పచ్చని పురుగులు వరి పైరును ఆశించే పచ్చ దీపపు పురుగులు. పైరు ఏపుగా ఎదిగి పొట్ట, గింజ దశల్లో ఉన్నప్పుడు, రాత్రులు ఇంకా వెచ్చగా, తేమగా ఉన్నప్పుడు వీటి సంఖ్య పెరుగుతుంది. ఈ పురుగుల్ని చంపడానికే పెద్దలు దీపావళి పెట్టారన్న వివరణ బాగా ప్రచారంలో ఉంది. దీపపు ఎరలకు ఇవి పెద్ద సంఖ్యలో పడతాయన్నది వాస్తవం. పురుగు ఉధృతిని అంచనా వేయడానికి వ్యవసాయ శాస్త్రవేత్తలు ఆ ఎరలనే వాడతారు. అయితే ప్రమిద చుట్టూ పడిన పురుగుల వల్ల పొలంలో నష్టం తగ్గిందా అన్నది వేరే ప్రశ్న, పండుగ పుట్టుకకు అదే కారణమా అన్నది ఇంకో ప్రశ్న. పురుగులు ఎరకు పడడం నిజమైనంత మాత్రాన మిగతా రెండూ రుజువు కావు.

కాలం నిజంగానే జరుగుతోందా

నైరుతి తిరోగమనం మొదలయ్యే సాధారణ తేదీ 2020 వరకు సెప్టెంబరు 1; వాతావరణ శాఖ ఆ ఏడాది దాన్ని 17కు మార్చింది. వాతావరణ మార్పు వల్ల వానాకాలం ఆలస్యంగా ముగుస్తోందనడానికి ఇదే సాక్ష్యమని కొందరంటారు. పాత తేదీలు 1901 నుంచి 1940 వరకు కొద్దిపాటి కేంద్రాల్లో సేకరించిన సమాచారంతో వేసినవి, కొత్తవి ఇటీవలి దశాబ్దాల సమాచారంతో, ఉపగ్రహాల తోడ్పాటుతో, మారిన ప్రమాణాలతో వేసినవి. కాబట్టి రెండింటినీ నేరుగా పోల్చకూడదని మరికొందరంటారు. రెండో వాదనలో బలముంది, కాని అది మొదటిదాన్ని పూర్తిగా కొట్టివేయదు: కొలిచే పద్ధతి మెరుగుపడడం, కొలవబడే కాలం మారడం రెండూ ఏకకాలంలో జరగవచ్చు. బంగాళాఖాతం వేడెక్కడం, కొద్ది గంటల్లో కుండపోతగా కురిసే వానలు పెరగడం విడిగా నమోదైన విషయాలు.

ఒక్క సంఘటనతో తీర్పు చెప్పడం కష్టమని హైదరాబాద్ అనుభవం చెబుతుంది. 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో నగరాన్ని ముంచిన వాన, కాకినాడ దగ్గర తీరం దాటిన తీవ్ర వాయుగుండం వల్ల వచ్చింది. అలాంటి వాయుగుండం ఆ తేదీల్లో రావడం అసాధారణం కాదు. అక్టోబరు వాయుగుండాల కాలమే. ఆ వాన పరిమాణం అసాధారణం. నీరు పోయే నాలాలు, చెరువుల శిఖం భూములు (నీరు నిలిచే నేలలు) కట్టడాలతో నిండిపోయి ఉండడం మానవ నిర్ణయం. తేదీ, తీవ్రత, నష్టం అనే మూడింటికి మూడు వేర్వేరు కారణాలున్నాయి.

పక్షుల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. కొల్లేటికి వచ్చే పక్షులు తగ్గాయన్నప్పుడు వేడెక్కిన సైబీరియాను తలచుకునే ముందు, చేపల చెరువుల గట్లతో ముక్కలైన సరస్సును, 2006లో వాటిని తొలగించడానికి జరిగిన ప్రయత్నాన్ని, మళ్లీ లేచిన గట్లను చూడాలి. అలాగని దూరాన మంచు కరగడం మనకు సంబంధం లేదనలేము. వెలుతురు లెక్కతో బయల్దేరే పిట్టకు ఒక చిక్కుంది: భూమి వేడెక్కినా పగటి నిడివి మారదు. పిట్ట పాత తేదీకే వస్తుంది, నీరు, పురుగు మాత్రం కొత్త తేదీకి జరిగిపోతాయి. ఆర్కిటిక్‌లో పిల్లలు గుడ్ల నుంచి బయటికొచ్చే వేళకు పురుగుల ఉధృతి ముందే ముగియడం గురించి పరిశోధకులు ఇప్పుడు శ్రద్ధగా గమనిస్తున్నారు. మన వైపు అదే తేడాను చూడాలంటే ఆగస్టులో పులికాట్ ఒడ్డున దిగిన ఉల్లంకి పిట్టకు అక్కడ బురద ఉందా, ఎండిన నేల ఉందా, లేక నిలువెత్తు నీరుందా అని ఏటా అదే వారంలో వెళ్లి రాసిపెట్టుకునేవాళ్లు కావాలి.